టార్చ్ రిపోర్టులో పాజిటివ్ అంటే బిడ్డకి సోకినట్టేనా?

(తెర మీద: పలాస వీధి, టీ బడ్డీ. చేతిలో మడత పెట్టిన ల్యాబ్ కాగితం.)

నమస్తే అండీ. మా వదినది పలాస, మూడో నెల. మొన్న టార్చ్ పరీక్ష (కడుపుతో ఉన్నావిడకి కొన్ని ఇన్ఫెక్షన్లు సోకాయేమో చూసే రక్తపరీక్ష) రిపోర్టు వచ్చింది: "సీఎంవీ ఐజీఎం పాజిటివ్". ఇంకేటుంది, బిడ్డకి వైరస్ ఎక్కిపోయిందని ఇల్లంతా ఏడుపులు. మా అమ్మయితే కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లికి మొక్కేసింది కూడా.

(కాగితం దగ్గరగా.)

ఇది తల్లి రక్తం. బిడ్డ గురించి ఇందులో ఒక్క ముక్క లేదు.

సీఎంవీ, అంటే సైటోమెగలోవైరస్, మనలో చాలామందికి చిన్నప్పుడే వచ్చి ఒంట్లోనే నక్కి ఉంటుంది. ఐజీఎం అంటే వైరస్ మీద పోరాడ్డానికి ఒళ్లు ముందుగా తయారుచేసే యాంటీబాడీ. అది ఒకసారి వస్తే నెలల తరబడి కనిపించొచ్చు. మరి ఇది పాతదా, కొత్తదా? దానికి ఐజీజీ ఎవిడిటీ అని ఇంకో పరీక్ష. ఐజీజీ అంటే తర్వాత తయారయ్యే యాంటీబాడీ, ఎవిడిటీ అంటే అది వైరస్‌ని పట్టుకునే పట్టు. కొత్తగా కోతకొచ్చిన పిల్ల కొడవలి వదులుగా పడతాది, చెయ్యి తిరిగినావిడ గట్టిగా పడతాది కదా! యాంటీబాడీలూ అంతే. పట్టు గట్టిగా ఉంటే పాత ఇన్ఫెక్షన్, వదులుగా ఉంటే గత మూడు నాలుగు నెలల్లోది అయ్యుండొచ్చు. అందుకే మొదటి మూడు నెలల్లో చేయిస్తేనే దీనికి విలువ.

(తెర మీద: కడుపులో బిడ్డ, చుట్టూ ఉమ్మనీరు. బొమ్మ.)

కొత్తదని తేలితే? బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో చిన్న తల, మెదడులో నీరు, సున్నపు మచ్చల్లాంటివి వెతుకుతారు. స్కాన్ బాగుంటే సోకలేదని మాత్రం కాదు.

అసలు సంగతి ఉమ్మనీటిలో ఉంది. కడుపులో బిడ్డ ఉచ్చ పోసేది అందులోకే. వైరస్ బిడ్డ కిడ్నీల్లో పెరిగి ఆ దారినే బయటికొస్తుంది. స్కాన్‌లో చూస్తూ సన్నటి సూదితో కాస్త నీరు తీసి, అందులో వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ పరీక్ష చేస్తారు. ఇరవయ్యో వారం దాటాలి, తల్లికి సోకి ఎనిమిది వారాలైనా అవ్వాలి. తొందరపడి ముందే తీస్తే, బిడ్డకి సోకినా నెగెటివ్ రావొచ్చు. సూదితో గర్భం పోయే ప్రమాదం తక్కువే గానీ లేకపోలేదు, డాక్టర్ని అడిగాకే సంతకం పెట్టండి. రిజిస్టరైన సెంటర్లోనే తీయాలి. అక్కడ ఆడో మగో అడగకండి, చెప్పడం నేరం.

అందులో పాజిటివ్ వచ్చినా, సోకిన పిల్లల్లో ఎక్కువమంది ఏ లక్షణం లేకుండానే పుడతారు. కానీ వినికిడి తర్వాత తగ్గొచ్చు, కొన్నేళ్లు చూపిస్తూనే ఉండాలి. పుట్టిన 21 రోజుల్లోపే బిడ్డ ఉచ్చ గానీ ఉమ్ము గానీ పరీక్షకి ఇవ్వండి. ఆ తర్వాత దొరికితే కడుపులో సోకిందో, బయటికొచ్చాక సోకిందో తేల్చడం కష్టం.

(మళ్లీ టీ బడ్డీ.)

మా వదినకి ఎవిడిటీ గట్టిగానే వచ్చింది. ప్రమాదం పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గిందన్నారు డాక్టరమ్మ. టిఫా స్కాన్ మాత్రం తప్పదట. అమ్మ మొక్కు అంటారా, అది ఎలాగూ తీర్చాల్సిందే.