కస్టమ్ హౌస్ వీధులు: వెస్ట్‌హాం స్పీడ్‌వే జ్ఞాపకాలు

నిర్వాహకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. ఈరోజు మనతో ఉన్న పెద్దాయన తెనాలిలో చదువుకుని, తూర్పు లండన్‌లోని ఒక పాఠశాలలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నారు. మాస్టారూ, స్పీడ్‌వే అనే ఈ బ్రేకులు లేని మోటార్‌సైకిళ్ళ పందేల చరిత్ర మీకు ఎలా పరిచయమైంది?

అతిథి: నమస్కారం అమ్మా. నాకది హాజరుపట్టీ ద్వారా పరిచయమైంది. మా పిల్లల చిరునామాలు రాసేటప్పుడు క్రూంబ్స్ రోడ్, అట్కిన్సన్ రోడ్, విల్కిన్సన్ రోడ్, యంగ్ రోడ్, హాస్కిన్స్ క్లోజ్ అనే పేర్లు పదేపదే వచ్చేవి. అవి ఏ ప్రభువులవో, మంత్రులవో అనుకుని ఏళ్ళ తరబడి రాశాను. ఒకరోజు మా బడి కాపలాదారు ఆ పట్టీ చూసి, వీళ్ళంతా వెస్ట్‌హాం స్పీడ్‌వే మనుషులని, ఆ ఇళ్ళున్న చోటే ఒకప్పుడు స్టేడియం ఉండేదని చెప్పాడు. ఆ సాయంత్రమే నేను ఆ వీధులన్నీ నడిచి చూశాను.

నిర్వాహకురాలు: ఈ పందెం మన శ్రోతలలో చాలామంది చూసి ఉండరు. ముందు అది ఎలా సాగుతుందో చెబుతారా?

అతిథి: నలుగురు రైడర్లు గుడ్డుఆకారపు చిన్న దారి మీద, గడియారపు ముల్లుకు ఎదురు దిశలో నాలుగు చుట్లు తిరుగుతారు. ఒక్కో పందేన్ని హీట్ అంటారు, అది ఒక నిమిషం చుట్టూ ముగిసిపోతుంది. గెలిచినవాడికి 3 పాయింట్లు, తరువాతి ఇద్దరికీ 2, 1, చివరివాడికి సున్నా. బండికి 500 సీసీ ఇంజన్, ఒకే గేరు ఉంటాయి, బ్రేకు మాత్రం ఉండదు. అంత ఇరుకులో ముందున్నవాడు హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనకున్నవాడు వచ్చి వాడి మీద పడతాడు కాబట్టి, అది లేకపోవడమే క్షేమం. మలుపులో వెనక చక్రాన్ని కావాలనే జార్చి, ఎడమ కాలికి తొడిగిన ఉక్కు తొడుగును నేల మీద ఆనించి, ముందు చక్రాన్ని మలుపుకు వ్యతిరేకంగా తిప్పి పట్టుకుంటారు. దారి మీద పరిచిన రాతిపొడి అప్పుడు ముందు వరుసల్లో కూర్చున్నవారి ఒళ్ళో పడుతుంది. ఇంధనం మెథనాల్. పాతకాలం అభిమానులు ఎవరిని కదిపినా మొదట వాసన గురించే చెబుతారు. ఇంజన్లలో వాడిన క్యాస్ట్రాల్ ఆర్ నూనెకు ఆధారం మన ఆముదమే. మా అమ్మమ్మ వంటింటి పక్క అరలో ఉండే ఆముదం సీసా, లండన్ రేవు కూలీల యౌవనం ఒకే వాసనతో ముడిపడి ఉన్నాయని తెలిసినప్పుడు నాకు చెప్పలేనంత దగ్గరితనం కలిగింది.

నిర్వాహకురాలు: బ్రిటన్‌కు ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

అతిథి: ఆస్ట్రేలియా నుంచి. న్యూజీలాండ్‌లో పుట్టిన జానీ హాస్కిన్స్ 1923 డిసెంబరులో న్యూ సౌత్ వేల్స్‌లోని వెస్ట్ మెయిట్లాండ్‌లో, వ్యవసాయ ప్రదర్శన మైదానంలో విద్యుద్దీపాల కింద మోటార్‌సైకిల్ పందేలు నడిపించాడు. బ్రిటన్‌లో ఎపింగ్ అడవి అంచున, హై బీచ్‌లో ఒక పబ్బు వెనక 1928 ఫిబ్రవరి 19న జరిగిన పోటీని చాలామంది తొలి పోటీగా లెక్కిస్తారు. అంతకుముందే కాంబర్లీలోనూ డ్రాయిల్స్‌డెన్‌లోనూ జరిగాయని వాదించేవారూ ఉన్నారు. హై బీచ్‌కు నిర్వాహకులు ఊహించినదానికి ఎన్నో రెట్ల జనం వచ్చారు, ఆ సంవత్సరంలోనే దేశమంతటా దారులు పుట్టుకొచ్చాయి. తూర్పు లండన్‌లోని కస్టమ్ హౌస్ ప్రాంతంలో ఉన్న వెస్ట్‌హాం స్టేడియం కూడా 1928దే. తరువాత హాస్కిన్స్ వెస్ట్‌హాం జట్టును నడిపాడు. ఆ హాస్కిన్సే ఇప్పుడు ఒక చిన్న సందుకు పేరు.

నిర్వాహకురాలు: విల్కిన్సన్ రోడ్ ఎవరిది?

అతిథి: ఆ పేరు పలికినప్పుడల్లా నాకు 1936 గుర్తుకొస్తుంది. ఆ ఏడాది సెప్టెంబరు 10న వెంబ్లీలో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. వెస్ట్‌హాం రైడర్, ఆస్ట్రేలియాకు చెందిన బ్లూయీ విల్కిన్సన్ ఆ రాత్రి తన ఐదు హీట్లూ గెలిచి పదిహేనుకు పదిహేను తెచ్చుకున్నాడు. అయినా విజేత కాలేకపోయాడు. ముందటి అర్హత పోటీల నుంచి తెచ్చుకున్న బోనస్ పాయింట్లను ఆ రాత్రి పాయింట్లకు కలిపారు. విల్కిన్సన్ బోనస్ 10, మొత్తం 25. వెంబ్లీ జట్టు లయొనెల్ వాన్ ప్రాగ్‌కు 14కు 12 కలిసి 26. మాంచెస్టర్‌లోని బెల్ వ్యూ జట్టు ఎరిక్ లాంగ్టన్‌కు 13కు 13 కలిసి 26. లెక్కల మాస్టారుగా నేను ఈ కూడికలో తప్పు పట్టలేను, న్యాయం మాత్రం నాకు ఇప్పటికీ కనబడదు.

నిర్వాహకురాలు: అయితే ఆ ఇద్దరి మధ్య మళ్ళీ పందెం పెట్టారా?

అతిథి: పెట్టారు. బయలుదేరేచోట అడ్డంగా కట్టిన టేపులను లాంగ్టన్ ముందుగానే తాకాడు. నియమం ప్రకారం అతన్ని తప్పించవచ్చు, కానీ వాన్ ప్రాగ్ అలాంటి గెలుపు తనకు వద్దన్నాడని చెబుతారు. రెండోసారి లాంగ్టన్ చివరి మలుపు దాకా ముందున్నాడు, అక్కడ దొరికిన సన్నటి సందులోంచి వాన్ ప్రాగ్ దూరిపోయి గెలిచాడు. రాత్రంతా ఓడిపోని విల్కిన్సన్ మూడో స్థానంలో నిలిచి చూశాడు. రెండేళ్ళ తరువాత, 1938లో, విరిగిన కాలర్‌బోన్‌కు కట్టు కట్టించుకుని వచ్చి ప్రపంచ విజేత అయ్యాడు. 1940లో సిడ్నీలో రోడ్డు ప్రమాదంలో మరణించాడు.

నిర్వాహకురాలు: యుద్ధం తరువాత ఈ జట్ల పరిస్థితి ఏమిటి?

అతిథి: యుద్ధం ముగిసిన తొలి సంవత్సరాలలో జనం పోటెత్తారు. 1949లో వెంబ్లీ రైడర్ టామీ ప్రైస్ ఇంగ్లండ్‌కు మొదటి ప్రపంచ విజేత అయ్యాడు. యంగ్ రోడ్‌కు పేరిచ్చిన జాక్ యంగ్ 1951లో రెండో డివిజన్‌లోని ఎడిన్‌బరో జట్టులో ఉంటూనే ప్రపంచ పోటీ గెలిచాడు. మరుసటి ఏడాది వెస్ట్‌హాం రంగులలో మళ్ళీ గెలిచి, రెండుసార్లు విజేత అయిన మొదటి రైడర్‌గా నిలిచాడు. ఆ తరువాత వినోదపు పన్ను భారమైంది, టెలివిజన్ ఇళ్ళలోకి వచ్చింది. వెస్ట్‌హాంలో 1955 తరువాత పందేలు ఆగిపోయి 1964లో మళ్ళీ మొదలయ్యాయి. 1965లో కొత్తగా ఏర్పడిన బ్రిటిష్ లీగ్‌ను మొదటి ఏడాదే గెలిచింది కూడా ఈ జట్టే.

నిర్వాహకురాలు: 1970 గురించి మాట్లాడటం మీకు కష్టమని ముందే చెప్పారు.

అతిథి: కష్టమే, అయినా చెప్పాలి. ఆ ఏడాది జులై 14న, హాలండ్, బెల్జియం పర్యటనలో ఉన్న వెస్ట్‌హాం బృందం ప్రయాణిస్తున్న వ్యాను బెల్జియంలోని లోకెరెన్ దగ్గర ప్రమాదానికి గురైంది. మేనేజర్ ఫిల్ బిషప్, నలుగురు రైడర్లు, డ్రైవరు, మొత్తం ఆరుగురు చనిపోయారు. ఆ రైడర్లు అందరూ వెస్ట్‌హాం వాళ్ళు కారు, పర్యటన కోసం వేరే క్లబ్బుల నుంచి వచ్చిన కుర్రాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. బిషప్ కుర్రతనంలో హై బీచ్‌లో రేసులు నడిపి, ఎన్నిసార్లు పడినా లేచి నిలబడినందుకు పేరు పొందినవాడు. బ్రేకులు లేని బండి మీద అన్నేళ్ళు బతికి బయటపడిన మనిషి ప్రయాణికుడిగా వ్యానులో కూర్చుని పోయాడన్న సంగతి నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. ప్రాణాలతో బయటపడిన కాలిన్ ప్రాట్ మళ్ళీ రేసు చేయలేదు, కానీ జట్లను నడిపేవాడిగా దశాబ్దాలపాటు ఆ ఆటకే అంటిపెట్టుకున్నాడు. 1972లో కస్టమ్ హౌస్ మూతపడింది, స్టేడియాన్ని కూల్చి ఇళ్ళు కట్టారు.

నిర్వాహకురాలు: ఆ కాపలాదారుతో మీ స్నేహం కొనసాగిందా?

అతిథి: ఆయన చనిపోయేదాకా కొనసాగింది. ఆయన తండ్రి రాయల్ విక్టోరియా రేవులో కూలీ. 1965లో ఆ తండ్రీకొడుకులిద్దరూ కలిసి వెళ్ళిన ఒక పోటీ కార్యక్రమ పుస్తకాన్ని ఆయన నాకు ఇచ్చారు. ప్రతి హీట్ పక్కనా ఉండే గడులలో ప్రేక్షకులే పెన్సిలుతో పాయింట్లు రాసుకోవడం అక్కడి అలవాటు. ఆ పుస్తకంలో మొదటి గడులన్నీ తండ్రి చేతిరాత, పదో హీట్ నుంచి వంకరటింకర అంకెలతో కొడుకు చేతిరాత. చివరి హీట్ గడులు ఖాళీగా ఉన్నాయి. ఎందుకని అడిగితే, అప్పటికి తనకు నిద్ర వచ్చేసిందని, నాన్న తనను భుజాన వేసుకుని బస్సు కోసం బయటికి నడిచాడని, వెనక నుంచి ఇంజన్ల మోత వినిపిస్తూనే ఉందని చెప్పారు.