ఏటీఆర్‌కి ఫ్యాను ఎందుకు, ఎయిర్‌బస్‌కి జెట్ ఎందుకు?

[దృశ్యం: మధురపూడి విమానాశ్రయం. రన్‌వే మీద ఏటీఆర్, దాని వెనక ఎయిర్‌బస్]

హైదరాబాద్ ఫ్లైట్ కోసం మధురపూడి వెళ్లి, ఏటీఆర్‌ని చూడగానే "అయ్యో, ఫ్యాను విమానమా!" అనేవాళ్లు మనలో చాలామంది. పాతకాలం సరుకు అనుకుంటారు. కాదండీ. అది ఎగిరే వేగానికి ప్రొపెల్లరే సరైనది.

[దృశ్యం: నరసాపురం–సఖినేటిపల్లి రేవు. పంటు వెనక ఎగసిపడే నీళ్లు]

పంటు ముందుకు పోవాలంటే నీళ్లను వెనక్కి తొయ్యాలి. కానీ వెనక ఉరకలేసే ఆ నీళ్లలో ఉన్నది మన డీజిల్ ఇచ్చిన శక్తే. ఎవరికీ అక్కరకు రాకుండా గోదాట్లో కలిసిపోతుంది. ఓడల ప్రొపెల్లర్లకు ఈ లెక్కను 1865లోనే స్కాట్లండ్ ఇంజినీరు ర్యాంకిన్ కట్టాడు. విమానానికీ అదే లెక్క, నీటి బదులు గాలి.

[తెర మీద: సామర్థ్యం = 2 ÷ (1 + విమానం నుంచి చూస్తే వెనక్కి పోయే గాలి వేగం ÷ విమానం వేగం)]

ఎక్కువ గాలిని మెల్లగా తోసినా, తక్కువ గాలిని గట్టిగా విసిరినా అంతే తోపుడు రాబట్టొచ్చు. ఇంధనం మాత్రం రెండోదానికే ఎక్కువ ఖర్చు, ఎందుకంటే గాలిలో వదిలేసే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది.

ఏటీఆర్ వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. ప్రొపెల్లర్ గాలిని 550తో వెనక్కి పంపితే సామర్థ్యం 95 శాతం. అదే వేగంలో ఒక పాతరకం జెట్ 2,000తో విసిరితే 40 శాతమే! రెక్కల రాపిడి, గాలి సుడి కూడా కలిపితే ప్రొపెల్లర్‌కి నిజంగా దక్కేది 80–85 దాకానే అనుకోండి. అయినా ఎంత తేడా!

[దృశ్యం: తిరిగే రెక్క కొస, దగ్గరగా]

మరి ఎయిర్‌బస్‌కీ ఇదే పెట్టొచ్చుగా? ఇక్కడే చిక్కు. ఏటీఆర్ రెక్క కొస తిరిగే వేగమే సెకనుకు 200 మీటర్లు. దానికి విమానం ముందుకు పోయే వేగం కలుస్తుంది. గంటకు 850 కిలోమీటర్లు పోతే ఆ కొస ధ్వని వేగాన్ని తాకుతుంది. షాక్ తరంగాలు పుడతాయి, సామర్థ్యం పడిపోతుంది, మోత భరించలేం. రష్యా బాంబర్ విమానం టీయూ-95 ప్రొపెల్లర్లతోనే 900 దాటుతుంది కానీ, దాని మోత ప్రపంచ ప్రసిద్ధం.

అందుకే టర్బోఫ్యాన్, అంటే తొడుగు లోపల పెద్ద ఫ్యాను ఉన్న జెట్ ఇంజిన్. ఫ్యాను చుట్టూ ఉన్న తొడుగు లోపలికొచ్చే గాలిని నెమ్మదింపజేస్తుంది. ఏ320నియోలో మంట దాకా 1 కిలో గాలి వెళ్తే, పక్క నుంచి 11–12 కిలోలు పోతాయి. ఫ్యాను ఇంకా పెంచితే తొడుగు బరువే భారం. ఆ తొడుగునే తీసేసి, పెద్ద ఫ్యానును బయటే తిప్పే ఇంజిన్ మీద పని చేస్తున్నామని సీఎఫ్ఎమ్ కంపెనీ 2021లో ప్రకటించింది.