ఓడిన దేశంలో అన్నం, నేల: సైనిక ఆక్రమణ కాలపు జపాన్ గురించి కోవూరులో చేసిన ప్రసంగం

సభకు వచ్చిన పెద్దలకు, రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

మన పెన్నా డెల్టాలో ఎనభై ఏళ్లు దాటినవారికి ‘జపాను సాగు’ అన్న మాట గుర్తుండే ఉంటుంది. తక్కువ విత్తనంతో ఎత్తు మడుల మీద నారు పోసుకొని, తాడు పట్టి వరుసలుగా నాటి, ఆ వరుసల మధ్య కలుపు తీసే పద్ధతిని 1953లో ప్రభుత్వం దేశమంతటా ప్రచారం చేసింది. ఆ సాగును మనకు చూపించిన దేశం అంతకు ఏడాది ముందు వరకు, అంటే 1952 ఏప్రిల్ 28 వరకు, రెండో ప్రపంచ యుద్ధంలో ఓడి, అమెరికా నడిపిన పరాయి సైన్యం ఏలుబడిలో ఉండేదని మా నాన్నకు తెలియదు. చరిత్ర పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన చాలా కాలానికి గాని నాకూ తెలియలేదు. ఆ ఏడేళ్లలో అక్కడి జనం ఏం తిన్నారు, నేల ఎవరి చేతికి వచ్చింది అన్న రెండు విషయాలే ఈ రోజు మీ ముందు ఉంచుతాను.

1945 మార్చి 9 రాత్రి మొదలై తెల్లవారే దాకా సాగిన బాంబు దాడిలో టోక్యో నగరంలోనే దాదాపు లక్షమంది చనిపోయారు. కొయ్యతో, కాగితంతో కట్టుకున్న ఇళ్లు కావడం వల్ల వీధులకు వీధులే బూడిదయ్యాయి. ఆగస్టులో హిరోషిమా, నాగసాకి. ఆ రెండూ కాక అరవైకి పైగా పట్టణాలు అప్పటికే కాలిపోయి ఉన్నాయి. ఆగస్టు 15న చక్రవర్తి రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. నెలాఖరుకు దిగిన అమెరికా సేనాని, ఆక్రమణ సేనల అధిపతి జనరల్ మెకార్థర్ రాజప్రాసాదం కందకానికి ఎదురుగా, కూలకుండా మిగిలిన ఒక బీమా కంపెనీ భవనంలో కార్యాలయం పెట్టాడు. మంత్రులు, గుమాస్తాలు, పోలీసులు ఎక్కడివారక్కడే ఉన్నారు. ఆజ్ఞలు మాత్రం ఆ భవనం నుంచి వచ్చేవి.

ఆ ఆక్రమణ సేనలో మనవాళ్లూ ఉన్నారు. బ్రిటిష్ కామన్వెల్త్ దళాలతో కలిసి 1946లో వెళ్లిన భారత బ్రిగేడ్ షిమానే, తొత్తోరి, ఒకాయామా ప్రాంతాలలో విడిది చేసింది. తర్వాతి కాలంలో మన సైన్యాధిపతి అయిన తిమ్మయ్యగారే అప్పుడు దాని అధిపతి. తామే ఇంకొకరి పాలన కింద ఉన్న సైనికులు ఓడిన జనానికి కాపలా కాయడం ఎంత చిత్రమైన సంగతో! 1947లో వాళ్లు తిరిగి వచ్చేశారు.

ఇక తిండి సంగతి. 1945 పంట ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ లేనంతగా దెబ్బతింది. కొరియా, తైవాన్‌ల నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. పైగా పరాయి దేశాల నుంచి అరవై లక్షలకు పైగా సైనికులు, వలస కుటుంబాలు తిరిగి వచ్చాయి. మనిషికి రోజుకు మూడు వందల గ్రాములు కూడా లేని రేషను, అదీ సమయానికి అందేది కాదు. పట్నం ఆడవాళ్లు పెట్టెల్లో దాచుకున్న పెళ్లినాటి పట్టు కిమోనోలు మూటగట్టుకొని కిక్కిరిసిన రైళ్లలో పల్లెలకు వెళ్లి, చిలగడదుంపలకో నాలుగు గిద్దెల బియ్యానికో మార్చుకొని వచ్చేవారు. దారిలో పోలీసులు పట్టుకుంటే అదీ పోయేది. వెదురు మొలకను పొర తర్వాత పొర వలిచినట్టు ఒంటి మీది బట్ట ఒక్కొక్కటీ అమ్ముకొని బతకడాన్ని వాళ్లు ‘వెదురు మొలక బతుకు’ అన్నారు.

యమగుచి యోషితద అనే ముప్ఫై మూడేళ్ల న్యాయమూర్తి కథ నన్ను చాలాకాలం వదలలేదు. దొంగ బజారులో బియ్యం కొన్నవారికి టోక్యో కోర్టులో శిక్షలు వేయడం ఆయన ఉద్యోగం. ఆ శిక్ష వేస్తూ తాను అదే బియ్యం తినలేనని నిశ్చయించుకొని, వచ్చిన రేషనులో ఎక్కువ భాగం పిల్లలకు పెట్టి, 1947 అక్టోబరులో పస్తులతో ప్రాణం విడిచాడు. ఆయనను ఆదర్శమూర్తిగా నిలబెట్టడానికి చెప్పడం లేదు. న్యాయమూర్తి ఇంట్లో కూడా చట్టానికి లోబడి బతకడం వీలుకాని కాలం అది.

ఆక్రమణదారులు మంచి పనులు చేయలేదని నేను అనను. 1946 ఏప్రిల్ ఎన్నికల్లో ఆడవాళ్లు మొదటిసారి ఓటు వేశారు, 39 మంది గెలిచారు; 1947 మేలో కొత్త రాజ్యాంగం అమలులోకి వచ్చింది; బడిలో పిల్లలకు పాలపొడి కలిపిన పాలు పోశారు. అయితే ఆ చేత్తోనే పత్రికలకు కళ్లెం వేశారు. అణుబాంబు దెబ్బతిన్నవారి ఒంటి గాయాల గురించి రాయనివ్వలేదు. కత్తిరింపు జరుగుతోందన్న సంగతి కూడా పాఠకులకు తెలియనివ్వలేదు. 1947 ఫిబ్రవరి 1న జరగవలసిన సార్వత్రిక సమ్మెను ఒక్క ఆజ్ఞతో ఆపేశారు. బడుల్లోనైతే ఉపాధ్యాయుడు పుట, పంక్తి చెబుతుంటే, పిల్లలు సిరా అరగదీసి, కుంచెతో తమ పుస్తకాల్లోని యుద్ధ పాఠాలను తామే నల్లగా పూశారు. నిన్నటి దాకా నిలబడి వల్లించిన పాఠాన్ని, చెప్పిన పంతులు ఎదుటే చెరిపేయడం! ఉపాధ్యాయుడిగా ఆ దృశ్యాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె పట్టేసినట్టు ఉంటుంది.

వీటన్నిటికంటే లోతుగా దిగిన మార్పు పొలంలో జరిగింది. యుద్ధం ముగిసేనాటికి జపాన్ సాగుభూమిలో 46 శాతం దాకా కౌలు కింద ఉండేది. ఎకరాకు ఇన్ని పుట్లని మనం మాట్లాడుకున్నట్టే అక్కడా కౌలు ధాన్యంగా కొలిచి ఇవ్వాలి, అదీ సుమారుగా పంటలో సగం. ఈ కౌలును సడలించాలన్న ఆలోచన అమెరికా వాళ్లు ఓడలో తెచ్చింది కాదు. జపాన్ వ్యవసాయ శాఖ అధికారులే ఏళ్లుగా ప్రయత్నించి, భూస్వాముల బలం ముందు నిలవలేకపోయారు. 1945 చివర వాళ్లు తెచ్చిన చట్టం భూస్వామికి ఎక్కువ భూమి వదిలింది. ఆక్రమణ కార్యాలయం అది చాలదన్నది. అక్కడ సలహాదారుగా ఉన్న వుల్ఫ్ లడెజిన్‌స్కీ తర్వాత మన దేశానికీ వచ్చి కౌలు పరిస్థితులు పరిశీలించాడు. 1946 అక్టోబరులో రెండో చట్టం వచ్చింది. ఊళ్లో లేని ఆసామి కౌలుకిచ్చిన భూమి అంతా ప్రభుత్వం కొన్నది. ఊళ్లో ఉన్నవాడికి కౌలు భూమిలో ఒక హెక్టారు మాత్రం మిగిల్చింది, ఉత్తరాన హొక్కైదోలో నాలుగు. కొన్న భూమిని దున్నుతున్నవాడికే అమ్మింది. ధర పాత లెక్కనే ఉంచారు, మన రూపాయి లాంటి అక్కడి యెన్ విలువ మాత్రం పడిపోయింది; దాంతో కౌలుదారు చెల్లించిన మొత్తం నామమాత్రమైంది. పరిహారంగా బాండ్లు తీసుకున్న ఆసాముల్లో యుద్ధంలో భర్తలను పోగొట్టుకొని, కొద్దిపాటి చేను కౌలుకిచ్చుకున్న వితంతువులూ ఉన్నారు. వాళ్ల నష్టాన్ని దాచిపెట్టి ఈ కథ చెప్పకూడదు.

చట్టం వస్తోందని తెలిసిన ఆసాములు ఏం చేసి ఉంటారో మీకు నేను చెప్పనక్కరలేదు. కౌలుదార్లను లేపేసి, సొంత సాగేనని చూపడం మొదలుపెట్టారు. అందుకే 1945 నవంబరు 23 నాటికి ఆ మడి ఎవరు దున్నుతున్నారన్నదే లెక్క అని తేదీ కట్టారు. ఆ లెక్క తేల్చింది పట్నం నుంచి వచ్చిన అధికారి కాదు. ఊరూరా ఎన్నికతో భూమి కమిటీలు ఏర్పడ్డాయి: అయిదుగురు కౌలుదార్లు, ముగ్గురు భూస్వాములు, ఇద్దరు సొంత రైతులు. నిన్నటి దాకా ఆసామి ఇంటి గడప బయట నిలబడి మాట్లాడినవాడు ఇప్పుడు ఆయన పక్కన కూర్చొని, ఈ మడి ఎన్నేళ్లుగా ఎవరు దున్నుతున్నారో పేరు పెట్టి చెప్పాలి. అలా చెప్పగలిగారు. 1950 నాటికి దాదాపు ఇరవై లక్షల హెక్టార్లు చేతులు మారాయి, కౌలు భూమి పది శాతానికి తగ్గింది. సైన్యం వెళ్లిపోయిన 1952లోనే వ్యవసాయ భూమి చట్టం దానికి గట్టు వేసింది. పరాయివాడి ఆజ్ఞతో వచ్చింది ఎంతో కొట్టుకుపోయినా ఇది నిలిచిందంటే, జాబితా ఊరివాళ్ల చేతిలో తయారవడం వల్లనేనని నా అభిప్రాయం.

మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒక కార్తీకంలో వాన పట్టుకొని మా నారుమళ్లు మునిగిపోయాయి. నాన్న మళ్లీ అప్పు చేసి నారు కొన్నాడు. నష్టపరిహారం వచ్చినప్పుడు అది పట్టా ఉన్న ఆసామి పేరున వచ్చింది. నాన్న అడగలేదు. అడిగితే వచ్చే ఏడు ఆ మడి ఇంకొకరికి పోతుంది. మనకు 1956 కౌలు చట్టం ఉంది, 1973 భూపరిమితి చట్టం ఉంది, 2011లో రుణ అర్హత కార్డులు వచ్చాయి, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఆ చివరి చట్టంలోనూ ఆసామి సంతకం పెడితేనే కౌలుదారుకు కార్డు. ఆ జపాన్ కమిటీలు ఆసామి సంతకం అడగలేదు. చుట్టుపక్కల చేలవాళ్లను అడిగాయి.

ఇదంతా విని ఆక్రమణ సేన ఉదారమైనదని ఎవరైనా అనుకుంటే, ఒకినావా దీవుల సంగతి కూడా వినాలి. 1952లో మిగతా జపాన్‌కు స్వేచ్ఛ వచ్చినా ఆ దీవులు 1972 మే 15 వరకు అమెరికా సైన్యం కిందనే ఉన్నాయి. టోక్యోలో కూర్చొని కౌలుదారుకు భూమి ఇప్పించిన సైన్యమే అక్కడ స్థావరాల కోసం రైతుల భూమి లాక్కున్నది. 1955లో ఇయెజిమా అనే చిన్న దీవిలో సాయుధ సైనికులు దిగి, ఇళ్లు కూల్చి, చేలకు కంచె వేశారు. రైతులు కంచె దాటి వెళ్లి తమ చేలు తామే దున్నబోతే పట్టుకొని జైల్లో పెట్టారు. తిండి లేక ఆ దీవి ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు ఒకినావా పొడవునా నడుస్తూ ఊరూరా అడుక్కున్నారు. అడుక్కోవడం సిగ్గుచేటే గాని, ఆయుధాలతో నేల లాక్కొని మమ్మల్ని అడుక్కునేలా చేయడం అంతకంటే సిగ్గుచేటని అట్టల మీద రాసి పట్టుకున్నారు. ఆ నడక మరుసటి ఏడాది దాకా సాగింది.