చెట్టు నీడన గడ్డ పూలు: ఎందుకు పూయవు, ఎందుకు కుళ్లుతాయి

శ్రోతలకు నమస్కారం. ఏప్రిల్, మే నెలల్లో ఎర్రని బంతిలా విచ్చుకునే ఫుట్‌బాల్ లిల్లీ, పెద్ద గంటల్లా పూసే అమరిల్లిస్ మన వరంగల్, హనుమకొండ పెరళ్లకు కొత్త కాదు. నర్సరీలో అమరిల్లిస్ అని ఇచ్చేది నిజానికి ఎక్కువగా దాని దగ్గరి చుట్టమైన హిప్పియాస్ట్రమ్ అనే మొక్కే, ఆ సంగతి అలా ఉంచుదాం. ఒక ఏడు పూసి, మరుసటి ఏడు ఆకులతోనే సరిపెట్టడం కూడా కొత్త కాదు.

ముందు అనుమానించాల్సింది కత్తెరను. పూత అయిపోయాక ఆకులు అడ్డదిడ్డంగా ఉన్నాయని కోసేస్తారు. వచ్చే వేసవి పువ్వుకు కావాల్సిన బలాన్ని వానాకాలపు ఆకులే గడ్డలో దాస్తాయి. వాడిన పూకాడను తీసేయండి, ఆకును మాత్రం అది పసుపుబారి వాలిపోయేదాకా ముట్టుకోవద్దు. యూరియా వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, పువ్వు రాదు, గడ్డ మెత్తబడుతుంది. జూన్‌లో మొక్కకు గుప్పెడు మాగిన పెంట, చెంచా ఎముకల పొడి చాలు.

రెండోది కుళ్లు. ఫుట్‌బాల్ లిల్లీ చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. అప్పుడు పక్క మొక్కలతో పాటు దానికీ రోజూ పైపు పెడితే గడ్డ నీరు కారుతుంది. ఆకు ఎండినప్పటి నుంచి మొగ్గ మొన కనిపించేదాకా నీళ్లు ఆపాలి. నల్లరేగడి అయితే నేలమీదే జానెడు ఎత్తు మడి కట్టండి: రెండు పాళ్లు ఎర్రచెలక మన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు ఆకు ఎరువు. ఫుట్‌బాల్ లిల్లీ మెడ నేలమట్టానికి రావాలి. అమరిల్లిస్ గడ్డలో మూడో వంతు పైకే ఉండాలి. కుళ్లు కనిపిస్తే గట్టి తెల్లటి భాగం వచ్చేదాకా చెక్కి, లీటరు నీళ్లకు 3 గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశక మందు కలిపి 20 నిమిషాలు ముంచి, నీడన ఆరబెట్టి నాటండి. వేర్లు పుట్టే అడుగు బిళ్ల కుళ్లితే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే.

నీడ విషయంలో వేప మేలు, దట్టమైన మామిడి కింద వెలుతురు చాలదు.

వానలు మొదలయ్యాక నల్లని ఒంటిమీద తెల్ల, ఎర్ర మచ్చలున్న లద్దెపురుగులు గుంపుగా దిగుతాయి. లిల్లీ జాతి ఆకులంటే వీటికి ప్రాణం, రెండు మూడు రోజుల్లో మొక్కను మోడు చేస్తాయి. ఏరి సబ్బునీళ్లలో వేయండి. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఆకు అడుగునా తడవాలి.

ఇక తులిప్‌లు. వాటికి నెలల తరబడి గట్టి చలి పడితేనే మొగ్గ సాగుతుంది. చల్లబరిచి అమ్మే గడ్డ ఇక్కడ ఒకసారి పూస్తే పూస్తుంది, మరుసటేడు ఆశ పెట్టుకోవద్దు.

తవ్విన లిల్లీ గడ్డలను వంటింట్లో ఉల్లిగడ్డల పక్కన పెట్టకండి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, వీటిలో లైకోరిన్ అనే విషం ఉంది, తింటే వాంతులవుతాయి. పేరు రాసిన గుడ్డసంచిలో వేసి, పిల్లలకు అందనంత ఎత్తున, గాలి తగిలేచోట వేలాడదీయండి.