గిటార్ పక్కన పెట్టిన తర్వాత గారెట్ లీ ఏం చేశాడు

అందరికీ నమస్కారం. ఇంత వర్షంలో కూడా వచ్చారు, చాలా సంతోషం. గిటార్లు తెచ్చుకున్నవాళ్లు కొందరు కనిపిస్తున్నారు. దయచేసి వాటిని గోడకి ఆనించకండి, కింద పడుకోబెట్టండి. జారి పడితే ముందు విరిగేది నెక్కే.

ఇవాళ నేను సాఫ్ట్‌వేర్ గురించి, ప్లగిన్ల గురించి చెప్పడం లేదు. ఒక మనిషి గురించి చెప్తాను. పేరు గారెట్ లీ, ఊరు ఐర్లండ్‌లోని డబ్లిన్. రికార్డుల మీద మాత్రం జాక్‌నైఫ్ లీ అని ఉంటుంది. ఆ పేరు మీలో చాలామంది విని ఉండరు. కానీ ఆయన చెయ్యి పడిన పాట ఒకటి ఏ కాఫీ షాపులోనో, ఎవరి రీల్‌లోనో మీ చెవిన పడే ఉంటుంది. ఆ పాట చివర్లో వినిపిస్తాను.

ముందు ఈ ప్రొడ్యూసర్ అన్న మాట సంగతి చూద్దాం. మన దగ్గర ప్రొడ్యూసర్ అనగానే సినిమాకి డబ్బు పెట్టే నిర్మాత గుర్తొస్తాడు. నేను రికార్డులు ప్రొడ్యూస్ చేస్తానని మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ నిజంగానే కంగారుపడి, అంత డబ్బు ఎక్కడ అప్పు తెచ్చావురా అని అడిగింది. రికార్డ్ ప్రొడ్యూసర్ పని డబ్బు పెట్టడం కాదు. పాట ఎంత వేగంలో నడవాలి, డ్రమ్స్ ఎక్కడ రావాలి, పదిహేను టేకుల్లో ఏది ఉంచాలి, పాడే మనిషి అలిసిపోయాడా, ఇంకొక్కసారి అడగొచ్చా, ఇంక చాలు అని ఎప్పుడు అనాలి, ఇవన్నీ చూసుకునేవాడు. మన సినిమా పాటల్లో ఈ పనిని సంగీత దర్శకుడు, అరేంజర్, సౌండ్ ఇంజనీర్ పంచుకుంటారు. రాక్ బ్యాండ్‌లో అలా కుదరదు, ఎందుకంటే పాట బ్యాండ్‌ది, ట్యూన్ వాళ్లది, వాయించేది వాళ్లే. ప్రొడ్యూసర్ బయటినుంచి వచ్చినవాడు. నలుగురు అన్నదమ్ముల ఇంట్లోకి వచ్చి, వాళ్ల మధ్య గొడవ పెట్టకుండా, ఇల్లు సర్దిపెట్టి వెళ్లాలి.

లీ కూడా మీలాగే బ్యాండ్ కుర్రాడిగా మొదలయ్యాడు. మొదట థీ అమేజింగ్ కొలోసల్ మెన్ అనే బ్యాండ్, అది నిలవలేదు. అందులోంచే కంపల్షన్ పుట్టింది. మకాం లండన్, పాడేది జోసఫ్‌మేరీ, గిటార్ లీ. గట్టిగా, వేగంగా, పంక్ కోపంతో వాయించేవాళ్లు. 1994లో 'కంఫర్టర్', 1996లో 'ది ఫ్యూచర్ ఈజ్ మీడియం', రెండే ఆల్బమ్‌లు. బ్రిటన్‌లో వన్ లిటిల్ ఇండియన్, అమెరికాలో ఇంటర్‌స్కోప్, మంచి లేబుళ్లే, అంటే రికార్డులు విడుదల చేసే కంపెనీలే దొరికాయి. అప్పట్లో ఇంగ్లండ్ సంగీత పత్రికలు ఇలాంటి బ్యాండ్లు కొన్నింటిని ఒక గుంపుగా కట్టి 'న్యూ వేవ్ ఆఫ్ న్యూ వేవ్' అని పేరు పెట్టాయి. ఆ పేరు ఎక్కువ కాలం నడవలేదు, అందరూ బ్లర్, ఒయాసిస్ బ్యాండ్ల వెనక బ్రిట్‌పాప్ వైపు వెళ్లిపోయారు. 1996లోనే కంపల్షన్ కథ ముగిసింది.

బ్యాండ్ ముగియడం అంటే ఏమిటో నాకు తెలుసు. నేను ఎనిమిదేళ్లు ఒక బ్యాండ్‌లో బేస్ వాయించాను. మా మొదటి రికార్డింగ్‌లో మిక్స్ చేసినాయన మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా మా డ్రమ్మర్ వాయించిందంతా తీసేసి, కంప్యూటర్‌లో ఉన్న డ్రమ్ శాంపిల్స్, అంటే ఎవరో ముందే రికార్డ్ చేసిన దెబ్బలు, పెట్టేశాడు. టైమింగ్ పక్కాగానే ఉంది. మిక్స్ వింటున్నంతసేపూ మావాడు ఏమీ అనలేదు. పాట అయిపోయాక స్టిక్స్‌ని ఒక పాత టవల్‌లో చుట్టి, బ్యాగ్‌లో పెట్టుకుని, బస్సుకి టైమయ్యింది అని వెళ్లిపోయాడు. మూడు నెలలు తిరిగేసరికి బ్యాండ్ లేదు. అప్పటినుంచి ఎవరి పాట రికార్డ్ చేస్తున్నా ఆ టవల్ నా కళ్ల ముందుంటుంది. అందుకే లీ గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు నేను ముందు వెతికింది ఆయన తీసుకున్న అవార్డుల గురించి కాదు, 1996 నుంచి 2003 వరకు ఏం చేశాడు అన్నది.

ఆ ఏడేళ్లలో ఆయన మెషీన్లతో పని చేశాడు. గిటారిస్టుగా నలుగురిలో ఒకడు, ఇప్పుడు ఒక్కడే నలుగురు. పాత రికార్డుల్లోంచి చిన్న చిన్న ముక్కలు తీసుకోవడం, లూప్ చెయ్యడం, ఒకదాని మీద ఇంకొకటి పేర్చడం. జాక్‌నైఫ్ లీ అన్న పేరుతో 1999లో 'ముయ్ రికో', 2001లో 'పంక్ రాక్ హై లైఫ్' అని రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. మొదటిది డీజే హౌవీ బి నడిపిన లేబుల్ మీద వచ్చింది, ఐర్లండ్ బ్యాండ్ యూటూ వాళ్ల 1997 ఆల్బమ్ 'పాప్'లో పని చేసిన హౌవీ బి ఆయనే. ఇవి కాక వేరేవాళ్ల పాటలకి రీమిక్స్‌లు. లీ సొంత ఆల్బమ్‌లు పెద్దగా అమ్ముడుపోయినవి కావు. అయినా నా లెక్కలో ఆయన అసలు చదువు ఇదే. లూప్ అంటే ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరగడం కదా, రెండు నిమిషాలకి విసుగొస్తుంది. విసుగు రాకుండా ఉండాలంటే కొత్త కార్డ్స్, అంటే కలిపి మీటే స్వరాలు, వెయ్యలేం, కొత్త చరణం రాయలేం, చేతిలో ఉన్నది ఒక్కటే: ఏది ఎప్పుడు కలపాలి, ఏది ఎప్పుడు తీసెయ్యాలి. బ్యాండ్‌లో ఉన్నంతకాలం మనందరికీ రానిది ఈ తీసెయ్యడమే. నా బేస్ తగ్గించండి అని ఏ బేసిస్టూ అడగడు.

ఇప్పుడు స్నో పెట్రోల్ దగ్గరికి వద్దాం. ఈ బ్యాండ్ వాళ్లది ఉత్తర ఐర్లండ్, కానీ మొదలైంది స్కాట్లండ్‌లోని డండీలో, యూనివర్సిటీలో చదువుకుంటున్నప్పుడు. 1998లో ఒకటి, 2001లో ఒకటి ఆల్బమ్‌లు చేశారు. అమ్మకాలు లేవు, లేబుల్ వదిలేసింది. పాడే గ్యారీ లైట్‌బాడీ అద్దె కట్టడానికి తను దాచుకున్న రికార్డుల్లో చాలా వరకు అమ్ముకున్నాడు. ఈ స్థితిలో ఫిక్షన్ అనే లేబుల్ వాళ్లని తీసుకుంది, ప్రొడ్యూసర్‌గా జాక్‌నైఫ్ లీ వచ్చాడు. ఒకవైపు లేబుల్ వదిలేసిన బ్యాండ్, ఇంకోవైపు బ్యాండ్ పోగొట్టుకున్న గిటారిస్టు. ఒకరి బాధ ఒకరికి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 2003లో 'ఫైనల్ స్ట్రా' వచ్చింది, అందులోని 'రన్' పాట 2004లో బ్రిటన్ చార్టుల్లో 5వ స్థానానికి వెళ్లింది. అద్దె సమస్య తీరింది.

తర్వాతి ఆల్బమ్ 'ఐస్ ఓపెన్' పాటలు తయారవుతున్నప్పుడు లైట్‌బాడీ ఇంగ్లండ్‌లోని కెంట్‌లో లీ ఉంటున్న ఇంటికి వెళ్లాడు. ఒక రాత్రి వైన్ బాగా తాగి, ఆ మత్తు దిగుతుండగా పెరట్లో కూర్చుని రాసిన పాట 'చేజింగ్ కార్స్'. 2006లో ఆల్బమ్ వచ్చింది, ఆ ఏడాది బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ అదే. 2019లో బ్రిటన్‌లో రికార్డింగ్ రాయల్టీలు వసూలు చేసే పీపీఎల్ సంస్థ లెక్క చూస్తే, 21వ శతాబ్దంలో అక్కడి రేడియోల్లో అందరికంటే ఎక్కువసార్లు మోగిన పాట కూడా ఇదే అని తేలింది.

ఇది వాయించడానికి ప్రయత్నించినవాళ్లు చేతులెత్తండి. చూశారా, సగం మంది. ఎందుకంటే ఇందులో మూడే కార్డ్స్, ఏ, ఈ, డీ. మొదట్నుంచి చివరిదాకా అవే తిరుగుతాయి. పల్లవికి వేరు, చరణానికి వేరు అని లేవు. అంటే ఈ పాట ఒక లూప్! లైట్‌బాడీ రాసింది చాలా సాదా ప్రేమ పాట, దాన్ని లీ లూప్ తెలిసినవాడి చెవితో కట్టాడు. మొదట ఒక్క గిటార్, తీగల్ని విడివిడిగా, గడియారం నడిచినట్టు మీటుతూ ఉంటుంది. గొంతు చాలా దగ్గరగా, పక్కన పడుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. తర్వాత వచ్చేవన్నీ మెల్లిగా వచ్చి చేరతాయి, ఎక్కడ చేరాయో పట్టుకోవడం కష్టం. చివరికి గిటార్లన్నీ ఒక గోడలా లేస్తాయి, ఒళ్లంతా నిండిపోతుంది, ఇంకా పెంచుతాడేమో అనుకుంటాం. అక్కడ పెంచడు. అన్నీ తీసేస్తాడు. మళ్లీ గిటార్, గొంతు, అంతే. నాలుగున్నర నిమిషాల పాటలో నన్ను కదిలించేది ఆ తీసేసిన క్షణమే. అక్కడ సాహిత్యం లేదు, సంగతి లేదు, ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఉంది. ఇది నా అభిప్రాయం, మీరు విని చెప్పండి.

యూటూ సంగతి త్వరగా చెప్పేస్తాను. 2004లో వచ్చిన 'హౌ టు డిస్‌మాంటిల్ యాన్ అటామిక్ బాంబ్' ఆల్బమ్‌కి స్టీవ్ లిల్లీవైట్, బ్రయాన్ ఈనో లాంటి ఉద్దండులతో కలిపి చాలామంది ప్రొడ్యూసర్లు, వాళ్లలో లీ ఒకడు. 2006లో దానికి ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ అవార్డు వచ్చింది. కంపల్షన్ ఆగిపోయిన పదేళ్లకి.

నాకు ఇంతకంటే ముఖ్యం అనిపించేది ఆర్.ఇ.ఎమ్. బ్యాండ్‌తో చేసిన పని. వాళ్లది అమెరికాలోని జార్జియా, ఏథెన్స్ ఊరు. 2004లో వాళ్లు చేసిన 'అరౌండ్ ది సన్' చాలా కాలం చెక్కీ చెక్కీ ప్రాణం పోగొట్టుకున్న ఆల్బమ్, అభిమానులకీ నచ్చలేదు, గిటారిస్టు పీటర్ బక్‌కీ నచ్చలేదు. మీకూ ఈ జబ్బు తెలుసు, ల్యాప్‌టాప్‌లో పాట పేరు పక్కన ఫైనల్, ఫైనల్ 2, రియల్ ఫైనల్ అని ఉంటుంది. అప్పుడు యూటూ గిటారిస్టు ఎడ్జ్ లీ పేరు చెప్పాడు. 2007 వేసవిలో, ఆల్బమ్ ఇంకా పూర్తి కాకుండానే, ఆర్.ఇ.ఎమ్. వాళ్లు డబ్లిన్‌లోని ఒలింపియా థియేటర్‌లో ఐదు రాత్రులు జనం ముందు కొత్త పాటల్ని రిహార్సల్ చేశారు. అవును, టికెట్ కొన్న జనం ముందు రిహార్సల్. తప్పులు దొర్లితే దొర్లనీ అని. స్టూడియో గదిలో ఎన్నిసార్లు విన్నా తెలియనిది, ఎదురుగా జనం ఉంటే ఒక్క రాత్రిలో తెలుస్తుంది, ఏ పాట దగ్గర వాళ్లు కదిలారు, ఏ పాట దగ్గర పక్కవాడితో మాట్లాడుకున్నారు. స్టేజీ మీద నిలబడి చెమట కార్చిన ప్రతివాడికీ ఇది తెలుసు, లీకి కూడా తెలుసు. అలా తయారైన 'యాక్సిలరేట్' 2008లో వచ్చింది. మొత్తం నిడివి 35 నిమిషాలు కూడా లేదు. పాట అయిపోయింది అనిపించగానే ఆపేశారు. వాళ్ల చివరి ఆల్బమ్, 2011లో వచ్చిన 'కొలాప్స్ ఇన్‌టు నౌ', అది కూడా లీతోనే.

బ్లాక్ పార్టీ, ఎడిటర్స్, ది కిల్లర్స్, టేలర్ స్విఫ్ట్ 2012 ఆల్బమ్ 'రెడ్'లో లైట్‌బాడీతో కలిసి పాడిన ఒక పాట, ఇలా జాబితా పెద్దది, ఇంటికెళ్లి వెతుక్కోండి. ఇంత పని చేశాక ఆయన అమెరికాలో లాస్ ఏంజిలస్ పక్కన కొండల్లో, టొపాంగా అనే చోట స్థిరపడ్డాడు.

ఇక్కడినుంచి కథ మళ్లీ వెనక్కి తిరుగుతుంది. ఇన్నేళ్లూ కవర్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేరు 2022లో ముందుకి వచ్చింది. ఆఫ్రికాలోని మాలీ దేశపు గాయని రోకియా కోనే, జాక్‌నైఫ్ లీ, ఇద్దరి పేర్లతో 'బమనన్' అనే ఆల్బమ్. కరోనా రోజుల్లో ఆమె ఎక్కడో మాలీలో, ఈయన టొపాంగాలో, ఒకే గదిలో కూర్చోకుండానే పని జరిగింది. ఆమె గొంతు చుట్టూ ఆయన ఎంత ఖాళీ వదిలాడో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఆమె ఊపిరి తీసుకునేంత చోటు.

అదే ఏడాది టెలెఫీష్. ఐరిష్ భాషలో ఆ మాటకి టెలివిజన్ అని అర్థం. ఇద్దరే మనుషులు: లీ, ఇంకా కార్క్ నగరానికి చెందిన కాహల్ కోగ్లన్, 80ల్లో మైక్రోడిస్నీ అనే బ్యాండ్‌లో పాడినాయన. ఇద్దరూ ఐర్లండ్ వదిలి వెళ్లినవాళ్లే, పాటలు మాత్రం తమ చిన్నప్పటి ఐర్లండ్ చుట్టూ తిరుగుతాయి. మొదటి ఆల్బమ్ పేరుకి ఐరిష్‌లో 'ఒకటి' అని అర్థం, రెండోదాని పేరుకి 'రెండు' అని. రెండోది వచ్చేసరికి కోగ్లన్ లేడు, 2022 మేలో చనిపోయాడు. ఇరవై ఆరేళ్ల తర్వాత ఆ గిటారిస్టుకి మళ్లీ ఒక బ్యాండ్ దొరికింది, ఆ బ్యాండ్ రెండో రికార్డుని స్నేహితుడు లేకుండా బయటికి పంపాల్సి వచ్చింది. ఈ ముక్క దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పట్టుకుంటుంది, క్షమించండి.

సరే. ఇప్పుడు 'చేజింగ్ కార్స్' పెడతాను. తమ్ముడూ, ఆ ఫ్యాన్ కాస్త ఆపు, చప్పుడు ఎక్కువగా ఉంది. కళ్లు మూసుకోండి, ఫోన్లు పక్కన పెట్టండి. కొత్త వాయిద్యం ఏదైనా వచ్చి చేరింది అనిపించిన ప్రతిసారీ చెయ్యెత్తండి. అన్నీ ఆగిపోయినప్పుడు చెయ్యి దించండి.