కట్ట చిన్నదే, కింద ఎవరున్నారు?

అందరికీ నమస్కారం. సొంత పొలంలోనో ఫామ్‌హౌస్‌లోనో గెడ్డకి అడ్డంగా మట్టికట్ట వేసుకుని నీళ్లు నిలబెట్టుకున్నవాళ్లు ఇక్కడ కొందరున్నారని తెలుసు, ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా వాళ్లకే.

డ్యామ్ అనగానే మన విశాఖవాళ్లకి మేఘాద్రిగెడ్డో తాటిపూడో గుర్తొస్తుంది. 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం 15 మీటర్ల ఎత్తు దాటినవాటికి వర్తిస్తుంది, 10 నుంచి 15 మధ్య ఉంటే కట్ట పొడవు 500 మీటర్లో, నిల్వ పది లక్షల ఘనపు మీటర్లో, ఇలాంటి షరతు ఏదో ఒకటి ఉండాలి. మీ ఐదారు మీటర్ల కట్ట అందులోకి రాదు. ఆ చట్టం కింద అడిగే నాథుడు లేడు, చూసుకోవాల్సింది మీరే.

ఇక హజార్డ్ క్లాస్, అంటే కట్ట తెగితే కింద ఎంత నష్టమో చెప్పే తరగతి. 'హై హజార్డ్' అంటే కట్ట పాడైందని చాలామంది అనుకుంటారు. కట్ట ఎంత గట్టిగా ఉన్నా సరే, తెగితే మనుషులు పోయేలా ఉంటే అది హై హజార్డే. అమెరికాలో మూడు తరగతులు పెట్టారు: ప్రాణాలు పోయేచోట హై, ప్రాణాలు పోకపోయినా రోడ్లూ కరెంటు లైన్లూ దెబ్బతినేచోట సిగ్నిఫికెంట్, దాదాపు యజమాని పొలమే మునిగేచోట లో. తిరకాసు ఏంటంటే, మీరు కట్టమీద పార వేయకుండానే తరగతి మారిపోతుంది. ఆనందపురం, భీమిలి వైపు చూడండి, నిన్నటి జీడిమామిడి తోట ఇవాళ లేఅవుట్. ఒకప్పుడు తెగితే తోటలోకి పోయే నీళ్లు ఇప్పుడు పడగ్గదుల్లోకి పోతాయి.

చేపలు పెంచేవాళ్లకి ఒక మాట. 1889 మే 31న పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ డ్యామ్ తెగి 2,209 మంది చనిపోయారు. డబ్బున్నవాళ్ల క్లబ్బు ఒకటి సొంతంగా పెట్టుకున్న మట్టి డ్యామ్ అది. చేపలు పోకుండా అలుగుకి, అంటే ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారికి, జల్లెడలు పెట్టారు, వరదకి కొట్టుకొచ్చిన చెత్తంతా వాటికి పట్టేసింది. అడుగునుంచి నీళ్లు వదిలే గొట్టాలు అంతకుముందే ఎవరో పీకేస్తే మళ్లీ వేయించలేదు. నీళ్లు కట్ట మీదుగా పొర్లాయి, మట్టికట్టకి అది మొదలైతే ఇక ఆగదు. అలుగుకి వల కట్టినవాళ్లు చేతులెత్తక్కర్లేదు గానీ, ఇంటికెళ్లగానే తీసేయండి.

పైనుంచి పొర్లడం ఒకటైతే, కట్ట తెగే రెండో దారి బుంగ, అంటే కట్ట లోపలినుంచి నీళ్లు దారి చేసుకోవడం. కట్ట కింది వాలులో ఊట కనిపిస్తే గాజుగ్లాసులో పట్టి చూడండి. తేటగా, ఎప్పుడూ ఒకేలా వస్తుంటే కనిపెట్టుకుని ఉండొచ్చు. బురదగా వస్తోందంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట, వెంటనే ఇంజినీరుని పిలిచి తూము తెరవండి. గబుక్కున ఖాళీ చేయకండి, మట్టం ఒక్కసారిగా పడితే నీటివైపు వాలు జారిపోతుంది. ఎలుకల, పీతల బొరియలు, కొట్టేసిన చెట్ల కుళ్లిన వేళ్లు, తూము గొట్టం చుట్టూ సరిగ్గా కూరని మట్టి, నీళ్లు దారి చేసుకునేది వీటిలోంచే.

మీ కట్ట దిగువన ఇంకో కట్ట ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది, దానికి ముందు ఎగువన పింఛా కట్ట తెగింది. మనకి తుఫానులు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి, అప్పటికి చెరువులు నిండే ఉంటాయి. అందుకే హెచ్చరిక వినగానే మట్టం దించడం మొదలుపెట్టాలి, రాత్రిళ్లు కట్ట దగ్గర పడుకునే మనిషి ఫోన్లో కింది ఇళ్లవాళ్ల నంబర్లు ఉండాలి. ఇక అడగండి, ఎవరి కట్ట సంగతేంటో.