4,29,49,67,297 ప్రధాన సంఖ్యేనా? – ఫోన్-ఇన్ కార్యక్రమం

సంధానకర్త: నమస్కారం. ముప్పై రెండు 2లను గుణించి, వచ్చిన లబ్ధానికి 1 కలిపితే ఏర్పడే 4,29,49,67,297 గురించి గణితాచార్యులు మీ సందేహాలు తీరుస్తారు. మొదటి శ్రోత, మాట్లాడండి.

మొదటి శ్రోత: నమస్కారం మాస్టారూ. ఈ సంఖ్యను 3 మొదలుకొని 97 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితోనూ కాగితం మీద భాగించాను. 59 దగ్గర లెక్క తప్పి మళ్ళీ మొదటికి వచ్చాను, మొత్తం రెండు రోజులు పట్టింది, అయినా ప్రతిసారీ శేషం మిగిలింది. కాబట్టి ఇది ప్రధాన సంఖ్యే కదండీ?

ఆచార్యులు: అలా అనకూడదమ్మా. చూసినవాటిని బట్టి చూడనివాటిని నిర్ణయించకూడదు. దీని వర్గమూలం 65,536 కంటే రవ్వంత ఎక్కువ; ప్రధాన సంఖ్య అని తేల్చాలంటే ఆ లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితోనూ భాగించి చూడాలి. అవి 6,542 ఉండగా మీరు పరీక్షించినవి 24 మాత్రమే. 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా అంతటివాడే ఇక్కడ పొరబడ్డాడు. ఒక సంఖ్యలో 1 తీసివేసి, వర్గం చేసి, 1 కలిపితే తరువాతిది వచ్చే వరుసలో 3, 5, 17, 257, 65,537 అనే ఐదూ ప్రధాన సంఖ్యలు కావడంతో, అదే వరుసలో ఆరవదైన ఇదీ అలాంటిదేనని నమ్మాడు. 1732లో గణితవేత్త ఆయిలర్ దీనిని 641, 67,00,417ల లబ్ధంగా విడదీశాడు.

మొదటి శ్రోత: అంటే 641 దాకా అన్నింటితోనూ భాగిస్తూ పోవలసిందేనా? నేను 97 దగ్గరే ఆపేశాను మరి.

ఆచార్యులు: అక్కర్లేదు. దీని ప్రధాన కారణాంకం ఏదైనా, దానిని 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయిలరే నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నంలోనే కారణాంకం చేతికి వస్తుంది. అసలు భాగహారమే లేకుండా కూడా చూడవచ్చు, రాసుకోండి. 641 అంటే 5×128కి 1 కలిపినది, అలాగే 625కు 16 కలిపినది. 641తో భాగించినప్పుడు 5×128 అన్నది, 641 కంటే 1 తక్కువ కాబట్టి, శేషం లెక్కలో −1తో సమానం, కనుక దాని నాలుగవ ఘాతం 1తో సమానం. ఆ ఘాతంలో ఉన్న 625 స్థానంలో −16 ఉంచితే, 2 యొక్క 32వ ఘాతం −1తో సమానమని తేలుతుంది. దానికి 1 కలిపితే శేషం సున్నా.

మొదటి శ్రోత: చాలా బాగుందండీ. అయితే 97 వరకు నేను చేసినదంతా వృథాయేనా?

ఆచార్యులు: కానే కాదమ్మా. దీని ప్రధాన కారణాంకాలన్నీ 97 కంటే పెద్దవని మీరు స్వయంగా నిరూపించారు. అది నికరమైన ఫలితం, జాగ్రత్త చేసుకోండి.

సంధానకర్త: ధన్యవాదాలు. తరువాతి శ్రోత.

రెండవ శ్రోత: ఇది 65,536 వర్గానికి 1 కలిపితే వచ్చే సంఖ్య కదా సార్, మరోవిధంగా రెండు వర్గాల మొత్తంగా రాయగలమా?

ఆచార్యులు: రాయగలం బాబూ. 62,264, 20,449 వర్గాలను కూడినా ఇదే వస్తుంది. ప్రధాన సంఖ్య ఏదీ రెండు విధాలుగా ఇలా రాదు కనుక, కారణాంకం తెలియకపోయినా ఇది సంయుక్త సంఖ్య అని దీనితోనే రుజువవుతుంది.

సంధానకర్త: సమయం తక్కువగా ఉంది, చివరి శ్రోత క్లుప్తంగా అడగండి.

మూడవ శ్రోత: వరుసలో దీని తరువాతి సంఖ్య కూడా సంయుక్తమేనని విన్నాను. అయితే ఆపైన ఉన్నవన్నీ అంతేనా?

ఆచార్యులు: తరువాతిదానిని 2,74,177 నిశ్శేషంగా భాగిస్తుందని 1880లో ఫ్రెంచి గణితవేత్త లాండ్రీ కనుగొన్నాడు. కానీ ఇందాకటి మాటే మళ్ళీ చెబుతున్నాను, చూసినవాటిని బట్టి చూడనివాటిని నిర్ణయించకండి. ఈ వరుసలో ఆరవ ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు. ఎన్నటికీ దొరకదని కూడా ఎవరూ నిరూపించలేదు.

సంధానకర్త: ధన్యవాదాలు, నమస్కారం.